రాంకింకర్ బైజ్ శిల్పాల నుంచి ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి?

ప్రశ్న
అడిగినవారు: మట్టిముద్ద, హైదరాబాద్

నమస్కారం. నేను హైదరాబాదులో శిల్పకళ చివరి సంవత్సరం చదువుతున్నాను. గత శీతాకాలంలో శాంతినికేతన్ వెళ్ళినప్పుడు బెంగాల్ ఆధునిక శిల్పి రాంకింకర్ బైజ్ 1938లో చేసిన ‘సంథాల్ కుటుంబం’ (సంథాల్ అక్కడి ఆదివాసీ తెగ) శిల్పం చుట్టూ రెండు రోజులు తిరిగాను. కావడి మోసుకుపోతున్న మగమనిషి, ఆ కావడి తట్టలో కూర్చున్న పిల్లవాడు, పక్కనే తలమీద బరువుతో నడుస్తున్న ఆడమనిషి, వాళ్ళ వెంట ఒక కుక్క. అందులో ఉన్న విషయం అంతే. ఊరు విడిచి పని వెతుక్కుంటూ పోయే మనుషులు మా పాలమూరు వైపు ప్రతి వాడలోనూ ఉంటారు కాబట్టి, అది ఎక్కడో బెంగాల్లో చేసిన శిల్పం అని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

తిరిగి వచ్చాక కూకట్‌పల్లి లేబర్ అడ్డాలో రోజూ కనబడే ఒక కూలీ దంపతుల జంటను నా చివరి పనిగా ఎంచుకున్నాను. ఇనుప కడ్డీలతో ఆర్మేచర్ (లోపలి చట్రం) కట్టి, దానికి జాలీ చుట్టి, సిమెంటులో సన్న గ్రానైట్ చిప్స్ కలిపి, మనిషి ఎత్తులో ముప్పాతిక వంతు కొలతకు ఇద్దరినీ నడుస్తున్నట్టు నిలబెట్టాను. పైపొర కావాలనే గరుకుగా వదిలాను. పని అయ్యాక దూరంగా నిలబడి చూస్తే రెండు బొమ్మలూ బిగుసుకుపోయినట్టు ఉన్నాయి. వాటిలో నడక లేదు, బరువు లేదు. మా అధ్యాపకులు ఒకరు చాలాసేపు చూసి, “ఇందులో రాంకింకర్ చర్మం ఒక్కటే వచ్చింది” అన్నారు. ఆ మాట నాకు కష్టంగా తోచినా నిజమేనని ఒప్పుకోక తప్పలేదు.

నేను తెలుసుకోదలచింది ఇది. రాంకింకర్ మీద పనిచేసిన ప్రభావాలు ఏవి, అవి ఆయన చేతిలో తమ ఆనవాలు కోల్పోయి ఆయన సొంత రూపంగా ఎలా మారాయి? ఆయన ప్రభావం నా మీద బలంగా ఉన్నప్పుడు దాన్ని దాచుకోకుండా, అనుకరణ కాకుండా, ఎలా వాడుకోవాలి? శిల్పం పని చేసిన పెద్దలు ఎవరైనా వివరంగా చెప్పగలరని ఆశ.

జవాబు 1
రాసినవారు: ఉలిచప్పుడు

మీ అధ్యాపకులు అన్న మాటను పట్టుకునే మొదలుపెడతాను. చర్మం వచ్చిందంటే ఎముక రాలేదని అర్థం. రాంకింకర్ శిల్పంలో ఎముక ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే శాంతినికేతన్ కంటే ముందు బాంకురా వెళ్ళాలి.

ఆయన 1906లో బాంకురాలో ఒక క్షురక కుటుంబంలో పుట్టారు. విష్ణుపురం టెర్రకోట గుడులున్నది ఆ జిల్లాలోనే. చిన్నతనంలో ఆయన చూసిన మొదటి శిల్పులు పండుగ విగ్రహాలు చేసే పనివాళ్ళు. వాళ్ళ పద్ధతిని మీరు దగ్గరగా చూశారో లేదో తెలియదు గాని, దూరం వెళ్ళనక్కరలేదు. వినాయక చవితికి ముందు నెలల్లో మన నగరానికి వచ్చి మట్టి విగ్రహాలు చేసే బెంగాలీ పనివాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. వెదురు చట్రం మీద వరిగడ్డిని తాడుతో బిగించి కట్టేటప్పుడే దేవుడి నడుము వంపు, భుజం వాలు, కాలి మోపు తేలిపోతాయి. ఆ తరువాత ఎంత మట్టి మెత్తినా ఆ కదలిక మారదు. గడ్డి కట్టే దశలో నిటారుగా నిలిచిన బొమ్మకు మట్టితో వంపు తేవడం ఎవరి తరమూ కాదు. మీ కడ్డీల దగ్గర జరిగిన పొరపాటు ఇదేనని నా అనుమానం. ఆర్మేచర్‌ను మీరు సిమెంటు పడిపోకుండా నిలబెట్టే ఆధారంగా కట్టి ఉంటారు. ఆ పనివాళ్ళకు మాత్రం అదే విగ్రహం.

పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ ఆయన ప్రతిభను గుర్తించి 1925లో శాంతినికేతన్ కళాశాల అయిన కళాభవనానికి పంపించారు. అక్కడ చిత్రకారుడు నందలాల్ బోస్ గారి బోధన ఆయనకు బయట తిరిగి గీయడం నేర్పింది. సంథాల్ పల్లెల్లో మనుషులు ఎలా నడుస్తారో, ఎలా వంగుతారో, బరువును ఏ భుజం నుంచి ఏ భుజానికి మార్చుకుంటారో ఆయన బొమ్మలు గీసి గీసి చేతికి ఎక్కించుకున్నారు. రవీంద్రుడు ఆహ్వానించిన విదేశీ శిల్పులలో లీజా ఫాన్ పాట్, మార్గరెట్ మిల్వర్డ్ దగ్గర కూడా ఆయన కొంతకాలం నేర్చుకున్నారు. మిల్వర్డ్ పారిస్‌లో ఫ్రెంచి శిల్పి బూర్దెల్ శిష్యురాలు, బూర్దెల్ ప్రఖ్యాత శిల్పి రోదాఁ దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడు. ఈ గొలుసును శ్రద్ధగా చూడాలి. రోదాఁ శిల్పంలో వెలుతురు చర్మం మీద అలలుగా కదులుతుంది. బూర్దెల్ ఆ అలలను తగ్గించి, శరీరాన్ని పెద్ద పెద్ద పలకలుగా, ఒక కట్టడంలాగా పేర్చాడు. రాంకింకర్‌కు అంది వచ్చింది ఈ పేర్పు. బాంకురా గడ్డిబొమ్మ ఇచ్చిన కదలిక, బూర్దెల్ వైపు నుంచి వచ్చిన పలకల నిర్మాణం, నందలాల్ అలవాటు చేసిన పరిశీలన, ఈ మూడూ ఒక పని మీద కలిసింది కాంక్రీటు చేతికి వచ్చినప్పుడు.

కాంక్రీటు ఎందుకంటే, కంచు పోయించడానికి గాని పాలరాయి తెప్పించడానికి గాని డబ్బు లేదు. శాంతినికేతన్ చుట్టూ ఎర్రని లాటరైట్ (రంధ్రాల ఎర్రరాయి) నేల. ఆ గులకను సిమెంటులో కలిపి, ఇనుప చట్రం మీద గుప్పెడు గుప్పెడు విసిరి నిలబెట్టారు. ఇది గట్టిపడేలోగా తేల్చవలసిన పని కాబట్టి కనుబొమలు, వేళ్ళ గోళ్ళు దిద్దుతూ కూర్చోవడానికి వీలుండదు. ఛాతీ ఏ దిక్కుకు తిరిగింది, తొడ ఏ కోణంలో ముందుకు వచ్చింది అన్నంత వరకే చేయి చెప్పగలదు. కాబట్టి ఆ గరుకుతనం పని జరిగిన వేగానికి, ఆ నేల రాయికి మిగిలిన గుర్తు. మీరు తాపీతో చదును చేసి తరువాత గీకి గరుకు చేసి ఉంటే, చూసేవాడి కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది.

ఇక అసలు మాట. మీరు అడ్డా మనుషులను నడిపించారు. అడ్డాలో మనుషులు నడుస్తారా? ఉదయం 6 గంటలకు వచ్చి ఎదురుచూస్తారు. గొంతుక్కూర్చుంటారు, పారమీద చెయ్యి ఆనించి నిలబడతారు, సద్ది డబ్బాను ఒక చేతినుంచి మరో చేతికి మార్చుకుంటారు. మేస్త్రి బండి ఆగగానే ఒక్కసారిగా అందరి శరీరాలూ అటు తిరుగుతాయి. మీరు చూసిన మనుషులది ఎదురుచూపు. మీ బొమ్మల్లోని నడక శాంతినికేతన్ నుంచి తెచ్చుకున్నది. రాంకింకర్ 1956లో చేసిన ‘మిల్లు పిలుపు’ను మళ్ళీ గుర్తు చేసుకోండి. మిల్లు కూత విని ఇద్దరు ఆడవాళ్ళు పరుగులాంటి నడకతో వెళుతుంటారు, తడి చీర గాలికి వెనక్కి ఎగురుతుంటుంది, వెనుక ఒక పిల్లవాడు. ఉతికిన చీర ఆరడానికి కూడా ఆగలేని మనుషుల తొందర ఆ రూపం మొత్తాన్ని ఒక దిక్కుకు వాల్చింది. 18 ఏళ్ళ కిందట తాను చేసిన సంథాల్ కుటుంబం నడకను ఆయన అందులో తిరిగి వాడుకోలేదు. పని మారింది, తొందర మారింది, కాబట్టి రూపం మారింది.

జవాబు 2
రాసినవారు: పబ్లిక్ గార్డెన్స్ పాఠకురాలు

పై జవాబులో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే ప్రభావాల గురించి చెప్పేటప్పుడు పాత భారతీయ శిల్పాన్ని వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. రాంకింకర్ దానితో నేరుగా తలపడిన సందర్భం ఒకటి ఉంది. న్యూఢిల్లీలో రిజర్వు బ్యాంకు వాకిట యక్షుడు, యక్షిణి విగ్రహాలు చేసే పని ఆయనకు 1950ల మధ్యలో వచ్చింది, పూర్తయ్యేసరికి పదేళ్ళకు పైగా పట్టింది. యక్షుడికి మథుర ప్రదర్శనశాలలోని పార్ఖం యక్షుణ్ణి, యక్షిణికి కోల్‌కతా ప్రదర్శనశాలలోని బేస్‌నగర్ యక్షిణిని ఆధారం చేసుకున్నారు. ఎవరూ దాచలేదు, దాచవలసిన అవసరమూ లేదు. పాత యక్షుడి నుంచి ఆయన తీసుకున్నవి పొట్ట బరువు, నిటారుగా ఎదురు నిలిచే తీరు, నేలలో పాతుకున్నట్టున్న కాళ్ళు. చేతిలో మాత్రం యంత్రపు పళ్ళచక్రం, డబ్బు సంచి పెట్టారు. తీసుకున్నది ఎక్కడిదో అందరికీ తెలిసినా ఆ శిల్పం అనుకరణ కాలేదు. అందువల్ల ప్రభావం కనబడుతోందని మీరు అంతగా భయపడవలసిన పని లేదు.

‘సుజాత’ (1935) సంగతి కూడా చెప్పాలి. పొడవుగా సన్నగా ఉన్న ఒక యువతి రూపంగా మొదలైన ఆ శిల్పానికి నందలాల్ బోస్ సూచన మీద తలపై పాత్ర చేరి, బుద్ధుడికి పాయసం తెచ్చిన సుజాత అయింది. అది నిలిచిన చోట యూకలిప్టస్ చెట్లు ఉన్నాయి. ఆ సన్నటి రూపం చెట్ల మధ్య ఇంకో చెట్టులా కనబడుతుంది కాబట్టే ఆ సాగదీత మనకు వికారంగా తోచదు. ఈ సాగదీతను యూరప్ ఆధునిక శిల్పంతో మాత్రమే ముడిపెట్టేవారికి నేను ఎప్పుడూ పాలంపేట చూపిస్తాను. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను (స్త్రీ విగ్రహాలను) తలెత్తి చూడండి. మామూలు మనిషి కొలతకు మించి సాగిన కాళ్ళు, నడుము. కింద నుంచి చూసే కంటికి, చూరుకు దన్నుగా ఏటవాలుగా నిలవవలసిన స్థానానికి, ఆ పొడవు సరిగ్గా సరిపోయింది. రాంకింకర్ రామప్ప చూశారని నేను అనడం లేదు. నిలబెట్టే చోటే కొలతలను నిర్ణయిస్తుందన్న సంగతి మన శిల్పులకు 800 ఏళ్ళ కిందటే తెలుసునని మాత్రమే చెబుతున్నాను. మీ జంట ఎక్కడ నిలబడబోతోంది? ఎత్తైన దిమ్మ మీదనా, నేలమీదనా? సంథాల్ కుటుంబం దిమ్మ చాలా తక్కువ ఎత్తుది. అందువల్లనే మీకు వాళ్ళతో పాటు నడుస్తున్నట్టు అనిపించి ఉంటుంది.

గుంపు కదలిక కోసం అమరావతి ఫలకాలు చూడండి. చెన్నై ప్రదర్శనశాలలో నాలాగిరి ఏనుగును బుద్ధుడు శాంతింపజేసే గుండ్రటి ఫలకం ఉంది. ఒకే వలయంలో ఒక పక్క ఏనుగు తొక్కిడికి చెల్లాచెదురయ్యే జనం, మరో పక్క మోకరిల్లిన అదే ఏనుగు. భయం ఒక్క ముఖంలో గాక అన్ని శరీరాల వాలులోనూ పరచుకుని ఉంటుంది. పై జవాబులో చెప్పిన ‘మేస్త్రి బండి ఆగగానే’ అన్న క్షణాన్ని దాదాపు రెండువేల ఏళ్ళ కిందట పలనాటి సున్నపురాయిలో చెక్కినట్టే ఉంటుంది.

ఇక పోల్చి చూడడానికి చెన్నైలోనే ఇంకొకటి ఉంది. దేవీప్రసాద్ రాయ్ చౌధురి చేసిన ‘శ్రమ విజయం’ 1959 నుంచి మెరీనా తీరంలో ఉంది. నలుగురు మనుషులు ఒక బండను కదిలిస్తుంటారు. ఆయన మీద రోదాఁ ప్రభావం బలమైనది, ప్రతి కండరమూ కంచులో బిగిసి ఉంటుంది. దాన్ని నేను చిన్నబుచ్చడం లేదు, చాలా గొప్ప పని. కాని ఆ శిల్పం శ్రమను కండరంలో చూపిస్తుంది. రాంకింకర్ దాన్ని నడకలో, అలవాటులో చూపిస్తారు. కూలి మనిషిని చెక్కబోయే ప్రతి విద్యార్థీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని తనది ఏ దారో తేల్చుకోవాలి.

సాలార్‌జంగ్‌లోని ‘ముసుగు రెబెకా’ను మనవాళ్ళు అందరూ చూసే ఉంటారు. బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. దాని నునుపు చూసి శిల్ప విద్యార్థులు కొందరు ముఖం చిట్లిస్తారు గాని, అక్కడ కూడా సిగ్గు అన్న భావాన్ని మోస్తున్నది రాయిని మేలిముసుగుగా మార్చిన పైపొరే. నునుపైనా గరుకైనా, భావంతో సంబంధం ఉన్నంతసేపే దానికి విలువ.

జవాబు 3
రాసినవారు: సిమెంటుపని

నేను తోట శిల్పాలు, ఎగ్జిబిషన్ స్టాళ్ళకు సిమెంటు బొమ్మలు చేసే పనిలో ఉన్నాను. పని గురించి రెండు మాటలు చెబుతాను. గ్రానైట్ చిప్స్ మిషన్‌లో పగిలిన కోణాల రాయి, చల్లటి బూడిద రంగు. లాటరైట్ గులక గుండ్రంగా, ఎర్రగా, చిన్న చిన్న రంధ్రాలతో ఉంటుంది. మీకు ఆ వెచ్చదనం కావాలంటే జహీరాబాద్, వికారాబాద్ వైపు లాటరైట్ నేలలు ఉన్నాయి. అయితే హైదరాబాదు కూలీలు రోజంతా మోసేది గ్రానైట్ కంకరే కాబట్టి మీ బొమ్మకు మీ రాయే సరైనదని నా మనసుకు తోస్తోంది. దాన్ని మార్చకండి. జాలీ మీద మిశ్రమం గట్టిగా కలిపి, నీళ్ళు తక్కువగా పోసి, విసిరి కొట్టండి. చేత్తో రాస్తే జాలీ లోపలికి దిగదు. ఎండలో కనీసం వారం రోజులు తడి గోనెలు కప్పి నీళ్ళు పట్టాలి. పూర్తి గట్టితనం రావడానికి 28 రోజులు లెక్క. చీలమండ దగ్గర కడ్డీ సన్నగా ఉంటే పగులు మొదట అక్కడే వస్తుంది.

మట్టిముద్ద

అందరికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. పై జవాబులు చదివాక నాలుగు రోజులు వరుసగా తెల్లవారుజామునే అడ్డాకు వెళ్ళి బొమ్మలు గీశాను. ఉలిచప్పుడు గారు చెప్పినట్టే అక్కడ నడక లేదు. ఒక పెద్దావిడ తలకిందులుగా బోర్లించిన తట్ట మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, రోడ్డు వైపు మెడ మాత్రమే తిప్పి ఉంది. ఆమె భర్త కాబోలు, పక్కన నిలబడి బరువంతా ఎడమ కాలి మీద వేసి, కుడి మడమను నేలకు ఆనించీ ఆనించకుండా ఉన్నాడు. బండి ఆగితే ఆ కుడికాలే ముందు కదులుతుందని నాకు గీస్తూ ఉండగానే అర్థమైంది. పాత జంటను పక్కన పెట్టి, ఈ ఇద్దరినీ అడుగెత్తు మట్టి నమూనాలుగా మొదలుపెట్టాను.

ఒక సందేహం మిగిలింది. ముఖాల దగ్గర ఆగిపోతున్నాను. దిగులు చూపిస్తే నాటకీయంగా ఉంది, ఏమీ చూపించకపోతే ఖాళీగా ఉంది.

ఉలిచప్పుడు

మీ వర్ణనలో ఆవిడ ముఖం గురించి ఒక్క మాట కూడా లేదు, గమనించారా? మెడ తిరిగిన తీరు చెప్పారు, నాకు ఆవిడ కనబడింది. కాబట్టి ముఖాన్ని ఆ మెడకు కొనసాగింపుగా చేయండి.

రాంకింకర్ చేసిన రవీంద్రుడి శిరస్సులలో తల వంచి ఉన్నదాన్ని ఒకసారి తీసి చూడండి. అందులో వయసు, అలసట, ఆలోచన తెలిసేది కనుగుడ్లలోనో పెదవుల్లోనో కాదు. నుదురు ముందుకు వాలిన బరువులో, గడ్డం ఛాతీ మీదికి దిగిన కోణంలో తెలుస్తాయి. ముఖాన్ని ఆయన ఒక చిన్న కొండలాగా చేశారు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్ళిన మన శిల్పి కూడా ఒకరున్నారు. సూర్యాపేటలో పుట్టి, బరోడాలో, లండన్‌లో చదివి, విశాఖపట్నంలో స్థిరపడిన రవీందర్ రెడ్డి గారు ఫైబర్‌గ్లాస్‌లో చేసే పెద్ద పెద్ద స్త్రీ శిరస్సులను మీరు చూసే ఉంటారు. బంగారు పూత, పూలు తురిమిన కొప్పు, రెప్ప వాల్చని విశాలమైన కళ్ళు. ముఖంలో ఏ ఒక్క భావమూ ఉండదు. గ్రామదేవత ముందు నిలబడినప్పుడు ఆమె మనల్ని చూస్తోందనిపిస్తుందే తప్ప, ఆమె ఏమనుకుంటోందో తెలియదు కదా, అలాంటి చూపు అది. పాత గుడి శిల్పం, ఊరి అమ్మవారు, వీధి రంగులు అన్నీ అందులో ఉన్నాయి, అయినా వంద అడుగుల దూరం నుంచే ఆయనదని గుర్తుపట్టగలం. బరోడా అన్నాను కాబట్టి ఇంకొక మాట. అక్కడి విశ్వవిద్యాలయంలో శిల్ప విభాగాన్ని నిలబెట్టిన శంఖో చౌధురి రాంకింకర్ శిష్యుడే. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారికి బరోడాలో గురువైన కె.జి. సుబ్రమణ్యన్ కూడా కళాభవనంలో చదివినవారే. అంటే మీరు శాంతినికేతన్ వెళ్ళకముందే ఆ గాలి కొంత మీ తరగతి గదిలోకి వచ్చి ఉంది. రాంకింకర్ నుంచి శంఖో చౌధురి, ఆయన విభాగం నుంచి రవీందర్ రెడ్డి గారు, వీళ్ళ పనుల్లో ఒకదానికొకటి పోలిక వెతికినా దొరకదు. ఆ దారిలో చేతులు మారినది పైపొర కాదు.

మీ నమూనాల గురించి ఒక సూచన. ముఖాలను ఇప్పుడు ముట్టుకోకండి. గుడ్డుంత ముద్దగా ఉంచి, ముక్కు దిక్కు మాత్రం ఒక గీతతో చూపండి. ఇద్దరి ముక్కులూ రోడ్డు మీద ఒకే చోట కలుస్తున్నాయో లేదో దారం పట్టి చూసుకోండి. ఆ దారం కలిసే చోట బండి ఉంది. అది మీరు చెయ్యరు, చూసేవాళ్ళు అక్కడే నిలబడతారు. కొలత పెంచేటప్పుడు సిమెంటుపని గారు చెప్పిన చీలమండ సంగతి మరిచిపోకండి. నిలబడిన మగమనిషి బరువంతా ఎడమ కాలి మీదే ఉంది కాబట్టి అక్కడ మందమైన కడ్డీ వేయండి, కుడి మడమ కింద వేలెడు సందు వదలండి.